టానరీ వీధిలో ఎర్ర కుర్చీ

తొమ్మిది గంటల యాభై నిమిషాలు. ముప్ఫయి ఒక్క ఏళ్లలో ఎందరెందరినో కూర్చోబెట్టిన కుర్చీలో ఇవాళ ఓటిస్ టార్వర్ తానే కూర్చున్నాడు. నడుముకి బెల్టు లేదు. బూట్లకు తాళ్లు లేవు. చొక్కా మీద పోలీసు బిళ్ల ఉండవలసిన చోట రెండు చిన్న చిల్లులు మాత్రం ఉన్నాయి.

ఎదురుగా కూర్చున్న సార్జెంట్ లియోనా హుడాక్ ఆ చిల్లులవైపు చూడకూడదనుకుంది, చూసింది, చూపు తిప్పుకుంది. స్టాన్‌రిడ్జ్ పోలీసు శాఖలో ఆమెది అంతర్గత విచారణ విభాగం. యూనిఫాంలో ఉన్న దొంగలను పట్టుకోవడం ఆమె పని. ఏడేళ్ల కిందట ఆమె కొత్తగా చేరినప్పుడు గస్తీ బండిలో పక్కన కూర్చోబెట్టుకుని, ఎప్పుడు మాట్లాడాలో, అంతకన్నా ముఖ్యంగా ఎప్పుడు మాట్లాడకూడదో నేర్పినవాడు ఓటిస్. ఇవాళ ఆయననే ప్రశ్నించాలి.

కథ చిన్నది, బరువు పెద్దది. లూ పెట్రిల్లా అనేవాడి జూదపు యంత్రాలు లేని సారాకొట్టు ఈ ఊళ్లో లేదు. దారిలో ఆగిన కార్లను లాక్కుపోయే అతని లారీ తిరగని వీధి లేదు. అతని ఆఫీసులో తొమ్మిదేళ్లు ఊడ్చి, తుడిచి, ఉత్తరాలు టైపు చేసిన ఆగ్నెస్ జెలింకా అనే అరవై ఎనిమిదేళ్ల వితంతువు ఉన్నట్టుండి నోరు విప్పింది. ఎక్కడ ఎప్పుడు దాడి జరుగుతుందో పెట్రిల్లాకు ముందుగా చేరవేసే పోలీసు ఒకడున్నాడనీ, అతనెవరో గ్రాండ్ జ్యూరీ ముందు, అంటే నేరం మోపాలో వద్దో కోర్టులో తేల్చే పౌరుల బృందం ముందు తప్ప ఇంకెక్కడా చెప్పననీ, పోలీసులకైతే అసలే చెప్పననీ భీష్మించుకుంది. ఆ గ్రాండ్ జ్యూరీ ఇవాళ మధ్యాహ్నం రెండు గంటలకు. ఇల్లు వదిలి రానన్నది కాబట్టి ఇంటికే కాపలా పెట్టారు. ఈ ఉదయం ఆగ్నెస్ మాయమైంది. కాపలా ఉన్నవాడు ఓటిస్.

"మళ్లీ చెప్పు, ఓటిస్. నిమిషాలతో సహా."

ఓటిస్ చెప్పాడు. ఏడూ పదికి రేడియో మోగింది, గరగరలో గొంతు ఎవరిదో పోల్చుకోలేదు: స్టేషన్‌కి వచ్చేయమనీ, బదులు మనుషులు వీధి మలుపులో ఉన్నారనీ. మలుపులో ఒక కారు రెండుసార్లు దీపాలు వెలిగించి ఆర్పి, వెనక సందువైపు తిరిగింది. వంటింట్లోకి వెళ్లి ఆమెకు చెబితే, ఆమె టెలిఫోను పక్కన గోడకి ఆనుకుని నిలబడి, సరే అని తల ఊపింది. మొహం పాలిపోయి ఉంది, చలికనుకున్నాడు. ఏడుంపావుకి బయల్దేరాడు. స్టేషన్‌కి మంచు ఎత్తని దారుల్లో వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటింది, నిన్నెవడు పిలిచాడన్నారు. రేడియో గది పుస్తకంలో ఆ పిలుపు లేదు. తొమ్మిదిన్నరకి బిళ్ల పీకేశారు.

"నువ్వు నమ్ముతున్నావా?" అని అడిగాడు.

"నమ్మకం నా ఉద్యోగంలో లేదు, ఓటిస్. నువ్వే నేర్పావు."

ఆయన పెదవి కొద్దిగా వంకర తిరిగింది. నవ్వు కాబోయి ఆగిపోయింది. "నా సంగతి తర్వాత చూద్దువుగాని. రెండు నెలల్లో పింఛను తీసుకోవలసినవాణ్ణి, జైలు కూడు తింటే తింటాను. ఆవిడ రాత్రంతా నాకు కాఫీ కాచి పోసింది. ఆవిడ బతికుందో లేదో కనుక్కో."

బతికుందో లేదో. గోడ గడియారం కింద నుంచి నడిచి బయటికి వస్తూ లియోనా లెక్క వేసుకుంది. ఇంకా నాలుగు గంటల పైచిలుకు. ఆమె రాకపోతే పెట్రిల్లా గెలుస్తాడు. శవమై దొరికితే ఓటిస్ మిగతా బతుకంతా కటకటాల వెనకే.

*

పదీ పదికి టానరీ వీధిలో, జెలింకా ఇంటి వంటగదిలో, కెప్టెన్ డెస్మండ్ ఫారెల్లీ అప్పటికే అందరికీ కథ చెబుతున్నాడు. జూదం మీదా సారా మీదా దాడులు చేసే దళానికి ఆయన అధిపతి. పెళ్లిలో పాట, చావులో ప్రసంగం, కోర్టులో సాక్ష్యం, ఏదైనా ఆయన నోట తేనెలా జారుతుంది. ఆ గొంతు వినడానికే జనం ఆయన చుట్టూ చేరతారు.

"రామ్మా లియోనా, రా. గురువుగారి కేసు కదా, కాళ్లకేమైనా తొడుక్కున్నావా, అలాగే పరిగెత్తుకొచ్చావా?"

"నా బూట్లకు తాళ్లు కూడా ఉన్నాయి, సార్. మీరు తీయించింది ఆయనవి."

గుమ్మం దగ్గరున్న కానిస్టేబుళ్లు నేల చూపులు చూశారు. ఫారెల్లీ మాత్రం నవ్వి, కుడిచేత్తో గదినంతా చూపించాడు. బల్ల బోర్లా పడి ఉంది. మూడు ఎర్ర కుర్చీలు మూడు మూలల్లో వెల్లకిలా పడ్డాయి. సొరుగులన్నీ బయటికి లాగి ఉన్నాయి, పంచదార డబ్బా ఒలికి ఉంది. పెరటి తలుపు అద్దం పగిలి, గడప దగ్గర నాలుగు నెత్తుటి చుక్కలు.

ఆయన చెప్పిన ప్రకారం, ఏడూ ఇరవై ప్రాంతంలో పెట్రిల్లా మనుషులిద్దరు పెరటి తలుపు పగలగొట్టారు. ముసలావిడ పెనుగులాడింది, గాయపడింది. సందులోంచి కారులోకి ఈడ్చుకుపోయారు. ఆమె కారు కూడా వాళ్లే తోలుకుపోయారు. కాపలావాడు అమ్ముడుపోయాడు కాబట్టి అడ్డుకునేవాడు లేడు. ఎనిమిదీ యాభైకి ఎవరో పేరు చెప్పకుండా తనకు ఫోను చేశారు. తొమ్మిదీ అయిదుకి తాను వచ్చాడు.

"అంతకు ముందు ఎక్కడున్నారు, సార్?"

"ఇంట్లో గుడ్లు తింటున్నాను. శుక్రవారం కదా, ఈస్టరు ముందు ఉపవాసాల రోజులు, మాంసం ముట్టను. కావాలంటే మా ఆవిడని అడుగు. పెనం కూడా సాక్ష్యం చెబుతుంది."

ఎవరో కిసుక్కుమన్నారు. లియోనా మోకాళ్ల మీద కూర్చుని గాజుపెంకులు చూసింది. నెత్తురు తలుపు చట్రంలో మిగిలిన ఒకే పెంకు అంచుకి అంటి ఉంది, అదీ బయట నుంచి చెయ్యి దూర్చి గడియ తీసేవాడికి కోసుకునే వైపు. లోపల పెనుగులాడిన మనిషికి అక్కడ తెగదు. లేచి నిలబడి చూసింది. ఎత్తుకుపోయేవాళ్లకు మనిషితో పని గాని సొరుగులతో ఏం పని? ఎవరో కాగితాల కోసం వెతికారు. గట్టు మీద ఓటిస్ తాగిన కప్పు కడిగి బోర్లించి ఉంది. తలుపు వెనక మేకుకి ఏమీ వేలాడటం లేదు. ఆ పక్కనే గోడ మీద, ఏళ్ల తరబడి పొగ పట్టిన సున్నంలో, మూరెడు పొడవున తెల్లటి చార ఒకటి కనిపించింది. అక్కడ ఎప్పుడూ వేలాడే ఏదో వస్తువు ఇవాళ లేదు.

ఇవన్నీ చూసింది, ఏదీ పైకి అనలేదు.

"ఏం కనిపెట్టావు, తల్లీ?"

"మూడు కుర్చీలున్నాయి, సార్."

"లెక్కలు బాగానే వచ్చునే." ఫారెల్లీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. ఎడమచెయ్యి మాత్రం ఇంతసేపూ కోటు జేబులోంచి బయటికి రాలేదు. "చూడు, నీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఓటిస్ నీ మనిషి. నీ మనిషి కేసు నువ్వు చూడకూడదు. మధ్యాహ్నం పై అధికారితో ఆ మాటే చెబుతాను. నీ మంచికే. ఈలోగా ఇంటికెళ్లి వేడివేడిగా ఏదైనా తాగు."

"మీ నల్ల కారు కనపడలేదు, సార్. కానిస్టేబుల్ బండిలో వచ్చారా?"

"బ్యాటరీ చచ్చింది. ఈ చలికి మనుషులే స్టార్టు కావడం లేదు, బండి ఒక లెక్కా?"

మళ్లీ నవ్వులు. పెరటి సందులోంచి వచ్చిన లియోనా ఈసారి వీధి తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

రాత్రంతా కురిసిన మంచు తెల్లవారుజామున అయిదింటికి ఆగింది. వీధికి రెండు వైపులా నడుం ఎత్తు మంచు గోడలు. జెలింకా ఇంటి ముందు మాత్రం కారు పట్టేంత మేర పారతో చెక్కినట్టు శుభ్రం చేసి ఉంది. ఆ ఖాళీ నడుమ, నికెల్ కాళ్ల మీద, ఎర్ర రెక్సిన్ సీటుతో, నాలుగో కుర్చీ నిలబడి ఉంది.

లియోనా ఆగిపోయింది.

లియోనాలా టానరీ వీధిలో పుట్టిన ఏ పిల్లకైనా అక్షరాలకన్నా ముందు వచ్చే చదువు అది. మంచు తవ్వి చోటు చేసుకున్నవాళ్లు, కారు తీసేటప్పుడు వంటింటి కుర్చీ ఒకటి తెచ్చి అక్కడ పెట్టి వెళతారు. మన బస్సు కిటికీలోంచి విసిరిన తువ్వాలుకి ఎంత హక్కో ఆ కుర్చీకి అంత హక్కు. తువ్వాలునైనా తోసేసేవాడుంటాడేమో గాని ఆ కుర్చీని కదిపేవాడుండడు. కదిపితే వీధి ఊరుకోదు.

ఆగ్నెస్ కారు ఇక్కడి నుంచే వెళ్లింది. ఎత్తుకుపోయేవాడు కారు ఆపి, దిగి, లోపలికెళ్లి, కుర్చీ తెచ్చి, జాగా పదిలం చేసి పోడు. తిరిగి రావాలనుకున్నవాళ్లే కుర్చీ పెడతారు.

"ఆ కుర్చీకి కూడా బేడీలు వేస్తావా ఏమిటి?" వెనక నుంచి ఫారెల్లీ గొంతు వినిపించింది. లియోనా వెనుదిరగలేదు. ఇంత మంచులో, ఈ ఊళ్లో, ఈయనకు ఆ కుర్చీ కుర్చీలాగే కనిపిస్తోంది. కొండ మీద సొంత గ్యారేజీ ఉన్న ఇంట్లో పుట్టాడు. కెప్టెన్ అయి ఇరవై ఏళ్లు. ఆయన ఎక్కడికి వెళితే అక్కడ జాగా దానంతటదే ఖాళీ అవుతూ వచ్చింది.

*

ఎదురింటి నిక్ ప్రెబెగ్ ఉక్కు కర్మాగారంలో నలభై ఏళ్లు కొలిమి దగ్గర పనిచేసి రిటైరైనవాడు. తలుపు వేలెడంత తెరిచి, ఒక కన్నుతో చూసి, హుడాక్ కూతురివి కదూ అని అడిగి, అవునన్నాక గొలుసు తీశాడు. కూర్చోమనలేదు. ముందు తన సందేహం తీర్చమన్నాడు.

"ఎవడి బండి మీదైనా నీళ్లు పోస్తే ఏం సెక్షను?"

"ఎవరి బండి మీద పోశారు, ప్రెబెగ్ గారూ?"

"పోశానని నేనన్నానా? పోస్తే, అన్నాను."

"పోస్తే ఏమీ లేదు. నీళ్లు ఎండిపోతాయి."

"ఈ చలిలో ఎండవమ్మాయ్." ముసలాయన ముఖం విప్పారింది. "గాజయిపోతాయి."

ఆ తరవాత ఆపవలసిన అవసరం రాలేదు. తెల్లవారి ఆరింటికి ఆగ్నెస్ జాగా తవ్విపెట్టింది తానేనట. ఆవిడకి నడుం నొప్పి. ఏడూ ఇరవైకి ఆవిడ ఒక్కతే బయటికి వచ్చింది, చంకలో ఏదో తెల్లటి మూట. ఆకుపచ్చ కారు తీసి, మళ్లీ దిగి, కుర్చీ తెచ్చి పెట్టి, తనకేసి చెయ్యి ఊపి మరీ వెళ్లింది.

"ఒక్కతేనా? కచ్చితంగా?"

"నా కంటికి శుక్లాలు లేవు."

లియోనా ఆ సమయం రాసుకుంది. ఆమె బతికే ఉంది. కనీసం ఏడూ ఇరవైకి బతికే ఉంది, తన కాళ్ల మీద తాను ఉంది.

ఏడున్నరకి పొడుగాటి నల్ల కారు ఒకటి వచ్చిందని ప్రెబెగ్ చెప్పాడు. తోలినవాడికి టోపీ, మెడకి మఫ్లరు, మొహం సరిగా కనపడలేదు. దిగాడు, కుర్చీని ఒక్క తాపు తన్నాడు. అది మంచుగుట్ట మీద పడింది. కారు అక్కడ పెట్టి, ఇంటి పక్కగా పెరట్లోకి వెళ్లాడు. తన్నిన తన్ను తన వీపునే తగిలినట్టుందిట ముసలాయనకి. రెండు బకెట్లు నింపాడు. ఒకటి అద్దాల మీద, ఒకటి తలుపుల మీద. వీధిలో ఎవరినడిగినా అదే శిక్ష చెబుతారు.

ఏడూ నలభై అయిదుకి ఆ మనిషి ఎడమచేతికి రుమాలు చుట్టుకుని బయటికి వచ్చాడు. తాళం దూరలేదు. తలుపు లాగాడు, తన్నాడు, పిడికిలితో గుద్దాడు. చివరికి మలుపులోని ఫోను పెట్టెకేసి నడిచాడు. ఎనిమిదీ ఇరవై అయిదుకి లారీ వచ్చి కారుని అలాగే, మంచుగడ్డతో సహా, లాక్కుపోయింది. లారీ పక్కన పసుపు అక్షరాలతో పెట్రిల్లా పేరు రాసి ఉంది. తరవాత తానే వెళ్లి కుర్చీని మంచు దులిపి యథాస్థానంలో నిలబెట్టాడు.

"ఇదంతా పోలీసులకి చెప్పలేదేం?"

"వాళ్లు వచ్చి ఏమడిగారో తెలుసా? ఇద్దరు మనుషులు ముసలమ్మని సందులోంచి లాక్కుపోవడం చూశావా అన్నారు. చూడలేదన్నాను. నిజమేగా? పైగా కారు వెనక అద్దానికి పోలీసు సంఘం బిళ్ల అంటించి ఉంది. నా మెడ నేనే ఎందుకు చాపుతాను?"

నెంబరు చూశారా అని లియోనా అడిగింది, ఆశ లేకుండానే. ప్రెబెగ్ వంటింట్లోకి వెళ్లి గోడ క్యాలెండరు పట్టుకొచ్చాడు. వార్డు మెంబరుకి ఫిర్యాదు చేద్దామని ఇవాళ్టి తేదీ గడిలో లావుపాటి పెన్సిలుతో రాసుకున్నాడు. ఆ నెంబరు లియోనా రోజూ చూసేదే. స్టేషన్ పెరట్లో, మెట్లకి ఆనుకుని, కెప్టెన్‌కని గీతలు గీసిన జాగాలో.

బ్యాటరీ కాదు చచ్చింది.

ఆమె ప్రెబెగ్ ఇంటి ఫోనులోంచి, పెట్రిల్లా మీద కేసు నడుపుతున్న ప్రాసిక్యూటర్ రైనర్‌కి ఫోను చేసింది. నగర పోలీసులు వద్దు, రాష్ట్ర పోలీసులను పంపండి, అంది. ఎక్కడికి పంపమంటావని ఆయన అడిగేసరికి, ఫోను మూతికి చెయ్యి అడ్డం పెట్టి ముసలాయనవైపు తిరిగింది. ఎక్కడికి వెళుతున్నారని ఆవిడని మీరు అడగలేదా?

నిక్ ప్రెబెగ్ ఆమెను జాలిగా చూశాడు. "ఉపవాసాల శుక్రవారం పొద్దున్నే ఆగ్నెస్ ఎక్కడికెళుతోందని అడుగుతారటమ్మా ఎవరైనా?"

మేకుకి లేనిది ఏప్రన్. గోడ మీద తెల్లటి చార పిండి వత్తే కర్రది. ఈ ఉపవాసాల శుక్రవారాల్లో వీధిలోని ఆడవాళ్లంతా చర్చిలో చేరి మాంసం లేని భోజనం వండి అమ్ముతారు. లియోనాకి తన మీద తనకే నవ్వొచ్చింది. ఊరు ఊరంతా పోలీసులు వెతుకుతున్న మనిషి ఎక్కడుందో వీధిలో ప్రతివాడికీ తెలుసు. అడిగినవాడే లేడు.

*

పదకొండూ ఇరవైకి స్లొవాక్ చర్చి నేలమాళిగలో ఆవిరి మేఘంలా పట్టి ఉంది. వెన్నలో వేగుతున్న ఉల్లిపాయ వాసన మెట్ల దాకా ఎదురొచ్చింది. పొడవాటి బల్లల చుట్టూ ముప్ఫయి మంది ఆడవాళ్లు, తెల్ల ఏప్రన్లు, మోచేతుల దాకా పిండి. ఒకరు వత్తుతారు, ఒకరు గుండ్రంగా కోస్తారు, ఒకరు బంగాళాదుంప ముద్ద పెడతారు, ఒకరు కజ్జికాయలా మడిచి అంచు నొక్కుతారు. ఉడికిన పిరోహీలు వేడివేడిగా చివరనున్న గట్టు మీదికి చేరతాయి. అక్కడ అప్పటికే మధ్యాహ్న భోజనానికి జనం వరుస కట్టి ఉన్నారు.

మూడో బల్ల దగ్గర, మెట్లకి వీపు పెట్టి, బూడిదరంగు జుట్టు ముడి వేసుకున్న పొట్టి మనిషి అంచులు నొక్కుతోంది. వేళ్లు చకచకా కదులుతున్నాయి.

లియోనా చప్పుడు చేయకుండా వెళ్లి పక్కన నిలబడింది. మాట కోసం వెతుక్కుంది. దొరికిన మాట చిన్నప్పటిది.

"ఆగ్నెస్ పిన్నీ."

"చేతులు కడుక్కున్నావా?" అంది ఆగ్నెస్ తల ఎత్తకుండా. తరవాత ఎత్తింది. పిండి చేత్తోనే లియోనా మణికట్టు పట్టుకుంది.

ఆవిడ చెప్పినది కొద్ది మాటల్లోనే ఉంది. ఏడూ అయిదుకి ఫోను వచ్చింది. కాపలా మారుతోంది, కోర్టుకి పెందరాళే తీసుకెళతాను, పెరటి తలుపు నాకొక్కడికే తియ్యమని ఒక మగగొంతు చెప్పింది. ఆ గొంతు ఆవిడకి తెలుసు. పెట్రిల్లా ఆఫీసులో తన బల్లకీ లోపలి గదికీ మధ్య పల్చటి చెక్కగోడ. ప్రతి గురువారం ఒక పోలీసు యార్డు వైపు తలుపులోంచి వచ్చి కూర్చునేవాడు. తొమ్మిదేళ్లలో ఒక్కసారీ మొహం చూడలేదు. కానీ ఆ గొంతు కబుర్లు చెప్పడం, పాడటం, దాడుల తేదీలు వల్లించడం, అన్నీ విన్నది. పేరు తెలియదు. గ్రాండ్ జ్యూరీతో చెప్పాలనుకున్నది అదే: వరసగా పోలీసులను మాట్లాడించండి, నేను కళ్లు మూసుకుని చూపిస్తాను.

"ఓటిస్‌కి చెప్పొచ్చు కదా, పిన్నీ."

"చెబుదామని నోరు తెరిచాను. రేడియో మోగింది. ఆయన టోపీ తీసుకున్నాడు. ఆయన కూడా వాళ్లతోనేమో అనిపించింది, ఒక్క క్షణం." ఆవిడ ఒక అంచు రెండుసార్లు నొక్కింది. "ఆ పాపం నాదే. ఇక్కడికొచ్చేశాను. ముప్ఫయి మంది ఆడవాళ్ల మధ్య నుంచి నన్నెవడెత్తుకుపోతాడు? ఒంటిగంటకి ఇది ముగించుకుని, రెండింటికి కోర్టుకి వెళ్దామనుకున్నాను."

సరిగ్గా అప్పుడు లియోనాకి తన తప్పు తెలిసింది. బండి దిగే ముందు ఎక్కడున్నదీ రేడియో గదికి చెప్పడం ఏడేళ్లుగా నాలుకకి పట్టిన అలవాటు. చర్చి ముందు ఆగగానే, ఆలోచించకుండా, చెప్పేసింది. ఆ మాట ఊళ్లో ప్రతి పోలీసు బండిలోనూ వినిపించి ఉంటుంది. రాష్ట్ర పోలీసులు రావడానికి ఇంకా పది నిమిషాలు పడుతుంది.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది.

కెప్టెన్ ఫారెల్లీ టోపీ తీసి చేత్తో పట్టుకుని దిగుతున్నాడు. ముఖాన పెళ్లిళ్లలో కనిపించే నవ్వు. వరుసలోని జనం పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. మూడో బల్ల దగ్గర ఆ బూడిదరంగు ముడి చూశాడు, లియోనాని చూశాడు. సాక్షిని నా రక్షణలోకి తీసుకుంటున్నాను అని చట్టబద్ధంగా చెప్పడానికి ఆయనకి అధికారం ఉంది. ఆ ఒక్క వాక్యం చాలు. పెదవులు విడివడ్డాయి.

"సార్, ఒక్క నిమిషం." లియోనా గొంతు నేలమాళిగ అంతా వినిపించింది. "మీరు మాట్లాడే ముందు ఒక సంగతి. ఈవిడ ఆ మనిషి మొహం ఎన్నడూ చూడలేదు. గొంతు మాత్రం తొమ్మిదేళ్లు విన్నది. ఇప్పుడు వీపు మీకు పెట్టి నిలబడింది. ఇక చెప్పండి, ఏం చెప్పదలచుకున్నారో."

పెదవులు మూసుకున్నాయి.

బల్లల దగ్గర వత్తే చప్పుడు ఆగింది. బాణలిలో ఉల్లిపాయలు చిటపటమంటున్నాయి. ఫారెల్లీ నవ్వు ముఖం మీద అలాగే ఉంది గాని, కింద ఆసరా లేని పందిరిలా ఉంది. గట్టు వెనకాల గరిటె పట్టుకున్న వెరోనికా అనే భారీ మనిషికి ఈ గొడవ సగమే వినిపించింది. ఆమెకు తెలిసిందల్లా ఎదురుగా ఒక మనిషి వరుసని ఆపేశాడని.

"ఏం కావాలయ్యా? బంగాళాదుంపా, క్యాబేజీయా?"

ఆయన మాట్లాడలేదు. టోపీ పట్టుకున్న చేతి వేలు ఒకటి లేచి, ఒక పళ్లెం వైపు చూపించింది.

"వేలు చూపిస్తే కుదరదు నాయనా, నోరు తెరిచి చెప్పు. వెనక జనం ఉన్నారు."

వరుసలో ఎవరో నవ్వారు. నవ్వు పాకింది. ఊళ్లో ఏ సభలోనైనా నవ్వు పుట్టించడం ఆయన సొత్తు. ఇవాళ మొదటిసారి అది ఆయన లేకుండా, ఆయన మీదుగా పోయింది. ఫారెల్లీ టోపీని చంకలో ఇరికించుకున్నాడు, కుడిచెయ్యి కోటు లోపలి తుపాకీ వైపు కొద్దిగా కదిలింది. మొదటి బల్ల దగ్గరి ఆడవాళ్లు ఒకరి తరవాత ఒకరు అతనివైపు తిరిగారు. ఎవరి చేతిలో కర్ర వాళ్లు కింద పెట్టలేదు, అంతే. చెయ్యి ఆగింది. వెనక్కి వచ్చింది.

లియోనా అతనికీ ఆగ్నెస్‌కీ మధ్య నిలబడే ఉంది. ఆ పది నిమిషాల్లో ఎన్ని గడిచాయో ఆమె లెక్కపెట్టలేదు. ఫారెల్లీ వెనుదిరిగి మెట్లెక్కబోయేసరికి, పైనుంచి బూడిదరంగు టోపీల్లో ఇద్దరు రాష్ట్ర పోలీసులు దిగుతున్నారు. పద్ధతి ప్రకారం పేరు అడిగారు. జవాబు లేదు. మళ్లీ అడిగారు. ఊరంతటికీ తెలిసిన పేరు. అతను దాన్ని కూడా చెప్పలేకపోయాడు. లియోనా చెప్పింది. ఎడమ జేబులోంచి చెయ్యి తీయమంటే తీశాడు. రుమాలు కట్టు మీద నెత్తురు నల్లబడి ఉంది.

అతన్ని పైకి తీసుకుపోయిన తరవాతే ఆగ్నెస్ ఇటు తిరిగింది. ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంది.

"తొమ్మిదేళ్లలో," అంది, "ఆ మనిషి మాట్లాడకపోవడం ఇదే మొదటిసారి వినడం."

పన్నెండింటికి ఇంకా పావుగంట ఉంది. రైనర్ కారు పంపిస్తానన్నాడు. ఈ పళ్లెం ముగించనిదే రానని ఆగ్నెస్ చెప్పింది. బల్లలు మళ్లీ కదిలాయి. వెరోనికా వరుసని గదమాయించింది. లియోనా గోడకున్న ఫోను దగ్గరికి వెళ్లి స్టేషన్ నెంబరు తిప్పింది. జైలు గది కాపలావాడు మొదట కుదరదన్నాడు, ఎవరిని పట్టుకున్నారో విన్నాక కుర్చీ జరుపుకుని లేచిన చప్పుడైంది.

"ఓటిస్."

"చెప్పు."

"ఆవిడ నా ఎదురుగానే ఉంది. పిండి నొక్కుతోంది. వేలికి గీత కూడా పడలేదు. నిన్ను ఒక్క క్షణం అనుమానించిందట, అందుకని నీకు రెండు పళ్లాలు కట్టిస్తానంటోంది."

అవతల నుంచి ఊపిరి వినిపించింది, ఒకసారి పొడుగ్గా, తరవాత ముక్కలు ముక్కలుగా. లియోనా తొందరపెట్టలేదు. ఫోను చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని, అలాగే నిలబడింది.